క్యారేజీలో లాకు

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి చీర మార్చుకుంటుంటే, బీరువా అడుగున ఏదో వెతుకుతున్న మా మనవరాలు ఒక సీడీ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో ‘అత్తగారి పాటలు’ అని రాసి ఉంది. ఇప్పటి కంప్యూటర్లకు సీడీ పెట్టుకునే నోరు కూడా లేదట. పిల్ల ఎదురింటివాళ్ళనడిగి ఏదో చిన్న పెట్టె తెచ్చి, తీగ తగిలించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెరిచింది. తెర నిండా గుర్తులు వచ్చాయి. ఒక ఇంగ్లీషు అక్షరం నెత్తిన రెండు చుక్కలు, దాని పక్కన తలకిందులైన ప్రశ్న గుర్తు, ఒక డాలరు, మళ్ళీ టోపీ పెట్టుకున్న ఇంకో ఇంగ్లీషు అక్షరం. వరసలు మాత్రం బుద్ధిగా ఉన్నాయి. పల్లవి ఎక్కడ ఆగిందో, చరణం ఎక్కడ మొదలైందో మధ్యలో వదిలిన ఖాళీని బట్టి తెలుస్తూనే ఉంది.

“మామ్మా, ఇదేం భాష?” అంది.

“తెలుగేనమ్మా. మీ తాతమ్మ పాటలు.”

“ఇది తెలుగైతే నేను చైనా పిల్లని!” అని పకపకా నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ రాలేదు. పిల్ల నా మొహం చూసి నవ్వు ఆపి, ఫోనులో చాలాసేపు వెతికింది. ఆ రోజుల్లో ఒక్కో కంపెనీ తెలుగు అక్షరాలను ఒక్కో రకంగా సర్దుకునేదట. ఆ కంపెనీ ఇచ్చిన ఫాంటు లేకపోతే ఎన్ని తెరల మీద తెరిచినా ఇలాగే కనిపిస్తుందట. కంపెనీ పేరు నాకు గుర్తుంది, చెప్పాను. “అది ఇప్పుడు లేదు మామ్మా, మూసేశారు” అంది. తర్వాత నన్ను ఓదార్చడానికో ఏమో, తన ఫోనులో ఉన్న తెలుగు ఫాంట్లన్నీ ఒకటొకటిగా చూపించింది. గుండ్రంగా ఒకటి, బొద్దుగా ఒకటి, పెళ్ళికూతురి ముగ్గులాగా ఒకటి. “ఇవన్నీ ఊరికే ఇచ్చారు మామ్మా. ఎవరైనా వాడుకోవచ్చు, ఎంతమందికైనా ఇచ్చుకోవచ్చు” అంది. ఊరికే అన్న మాట దగ్గర నా చెవి ఆగిపోయింది. ఆ మాట కోసం ఒకప్పుడు మేము పడ్డ పాట్లు ఆ పిల్లకు ఎలా చెప్పడమో తెలియక ఇది రాయడం మొదలుపెట్టాను.

అప్పట్లో రాజోలులో బస్సులు ఆగే చోటుకి వెనక సందులో ఒక ప్రెస్సు ఉండేది. దాని యజమానిని అందరూ బాబాయిగారనేవారు, ఆయన భార్యను పిన్నిగారనేవారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, చనిపోయినవాళ్ళ జ్ఞాపకార్థ కూడికలకు వేసే కార్డులు. ఇదీ అక్కడి పని. నాది కాగితాలు మడతపెట్టి కుట్టే పని. నాకు అప్పటికి చదువు రాదు. మడతపెట్టేదానికి చదువెందుకు, అంచుకు అంచు కలిస్తే చాలు. మా ఆయన కువైట్‌లో ఉండేవారు. ఇంట్లో నేను, బడికెళ్ళే మా పిల్లాడు, మా అత్తగారు.

మా అత్తగారు కూడా నాలాగే వేలిముద్ర మనిషి. జీవితమంతా ఊడ్పులు, కోతలు. కానీ మా పేటలో ఎవరు పోయినా జ్ఞాపకార్థ కూడికకు పాట కట్టవలసింది ఆవిడే. ఎవరు పెట్టారో తెలియని ఆనవాయితీ అది. మట్టి ఇచ్చి వచ్చిన మర్నాడు ఆ ఇంటికి వెళ్ళి ఓ మూల కూర్చునేది. పోయినాయనకి ఏ కూరంటే ఇష్టం, గేదెని ఏమని పిలిచేవాడు, కోపం వస్తే ఏమనేవాడు అని మెల్లగా అడిగేది. కూడిక నాటికి పాట సిద్ధం. పాటలో పరలోకం చివరి చరణంలోనే వచ్చేది, అంతదాకా మనిషి సంగతులే. చెట్టెక్కితే కళ్ళు తిరిగే కొబ్బరికాయల దింపు కార్మికుడొకాయన ఉండేవాడు, కొబ్బరి చెట్టు కింద నిలబడి పైనున్నవాళ్ళ మీద పెత్తనం చేసేవాడు. ఆయన పాటలో, ‘ఇప్పుడెక్కావయ్యా అన్నిటికన్నా పొడుగు చెట్టు, కిందికి చూడకు’ అని కట్టింది. కూడిక మధ్యలో ఆయన భార్య ఏడుస్తూ ఏడుస్తూ నవ్వేసింది. పేటలో ముసలివాళ్ళు దారిలో ఆపి అడిగేవారు, “నా గురించేం కడతావో ఇప్పుడే చెప్పెయ్యవే, వినేసి పోతాను” అని. “ముందు నువ్వు పోవయ్యా, తర్వాత చెప్తాను. బతికున్నోళ్ళకి కడితే మళ్ళీ మార్చాలి” అనేది. ఆ పాటలన్నీ ఆవిడ నోట్లోనే ఉండేవి, ఇంకెక్కడా లేవు.

ప్రెస్సులో అచ్చు పని అంతా సీసం అక్షరాలతో, చేత్తో పేర్చి చేసేవారు. ఒక ఏడు బాబాయిగారికి కంప్యూటరు మీద మనసు పోయింది. హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి, తెలుగు అక్షరాలు తెర మీద ఎంత ముచ్చటగా వస్తాయో చూపించి వెళ్ళాడు. కంప్యూటరు కొనడం ఒకెత్తు, అందులో తెలుగు రావడానికి కొనవలసింది ఇంకొకెత్తు. ఆ తెలుగుతోపాటు ఒక లాకు ఇచ్చేవారు. మా వైపు లాకులంటే కాలువ మీద నీళ్ళాపేవే. ఇది అగ్గిపెట్టెంత ఉండేది, కంప్యూటరు వెనకాల ప్రింటరు తీగ పెట్టే చోట గుచ్చాలి. గుచ్చితే తెలుగు తెరుచుకుంటుంది, తీస్తే మూసుకుంటుంది. ఒక లాకు కొంటే ఒక కంప్యూటరుకే. ఆ ధర బాబాయిగారి ఒక్కరి వల్ల అయ్యేది కాదు. అమలాపురంలో ఆయన తోడల్లుడుగారికి కూడా ప్రెస్సుంది, ఆయన వల్లా అయ్యేది కాదు. ఇద్దరూ కలిసి ఒకటి కొన్నారు. వారంలో సగం లాకు రాజోలులో, సగం అమలాపురంలో. అక్షరాలను కాగితం మీదకి తీసే లేజరు ప్రింటరు ఆయన దగ్గర, టైపు చేసే పని ఎక్కువ మా దగ్గర. తన వంతు డబ్బు కోసం బాబాయిగారు సీసం అక్షరాలన్నీ పాతసామాన్లవాడికి తూకానికి ఇచ్చేశారు. వాడు గోనెసంచుల్లో అక్షరాలు కుమ్మరించుకుంటుంటే, ఇటుకరాళ్ళు పోసిన చప్పుడైంది. పిన్నిగారు లోపలికి వెళ్ళిపోయారు.

కంపెనీ ఇచ్చిన కాగితాన్ని బాబాయిగారు బైబిలు వాక్యం చదివినంత శ్రద్ధగా చదివారు. ఆయన సంఘ పెద్ద. ఒకేసారి రెండు కంప్యూటర్లలో వాడకూడదని ఉంది గానీ, లాకు ఊరు దాటకూడదని లేదు కదా అని తేల్చుకున్నారు. పిన్నిగారికి ఈ తిప్పలు నచ్చేవి కావు.

“రాజమండ్రిలో లాకు లేకుండా తెరుచుకునే కాపీ దొరుకుద్దంటండి. అందరూ అదే పెట్టుకుంటున్నారు.”

“దొంగ సొత్తు మీద వాక్యం అచ్చేస్తామా?”

“వాక్యం సంగతి దేవుడు చూసుకుంటాడండీ. మన సంగతి ఎవరు చూస్తారంట?”

బాబాయిగారు ఒప్పుకోలేదు. ఆ లాకు మోసే పని నాకు పడింది. అప్పటికింకా వైనతేయ గోదావరి మీద మాకు దగ్గర్లో వంతెన లేదు. రేవు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఏరు దాటించే పంటు, అవతల మళ్ళీ బస్సు. చెమ్మ తగలకూడదని లాకును గుడ్డలో చుట్టి, నా అన్నం క్యారేజీలో పై గిన్నెలో బియ్యం పోసి ఆ బియ్యంలో పాతిపెట్టేవారు పిన్నిగారు. పంటు మీద సైకిళ్ళు, మేకలు, కొబ్బరికాయల బస్తాల మధ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. పంటు నడిపే ఆయన ఎప్పుడూ అడిగేవాడు.

“ఏటమ్మా, ఆ క్యారేజీ కిందెట్టవు? పులసా ఏంటి?”

“లాకండీ.”

“ఏ లాకు, గన్నవరం లాకులా? అంత చిన్న గిన్నెలో పట్టేసేయా?”

పంటంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

నాకు అక్షరాలు వచ్చింది ఆ కంప్యూటరు దగ్గరే. మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించారు. పిన్నిగారికి టైపు చేసేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటే బాగుండేది. నన్ను కూర్చోబెట్టుకుని, ఒక మీట నొక్కి, తెర మీద వచ్చిన అక్షరం పేరు చెప్పేవారు. అప్పటికి నాకు నలభై దగ్గర పడుతోంది. అందరికీ మొదట వచ్చే అక్షరం వేరు, నాకు వచ్చింది వేరు. మీటల నడిమి వరసలో ఎడమ చెయ్యి కింద ఉండే అక్షరాలు నాకు ముందొచ్చాయి, అ ఆ లు చివరికి. ఇప్పటికీ అక్షరాలు వరసగా చెప్పమంటే నేను మీటల వరసలోనే చెబుతాను, మా మనవరాలు పడీపడీ నవ్వుతుంది. ఇంకో వింత ఏమిటంటే, చదవడం వచ్చింది, నొక్కడం వచ్చింది, కలం పట్టి రాయడం రాలేదు. వేళ్ళకు తెలిసిన అక్షరం చేతికి తెలియదు. అది తర్వాత చాలా ఏళ్ళకు నేర్చుకున్నాను. అప్పుడే వచ్చి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

మా అత్తగారి పాటలు పుస్తకం వేద్దామన్న మాట పిన్నిగారిదే. లాకు మా దగ్గరున్న రోజుల్లో, మధ్యాహ్నం పని పలచబడ్డాక అత్తగారు ప్రెస్సుకి వచ్చి, అరుగు మీద కాళ్ళు కడుక్కుని, కంప్యూటరు ముందు కాస్త ఎడంగా కూర్చునేది. ఆవిడ ఒక్కో వరస పాడడం, పిన్నిగారు టైపు చేయడం. అంతా అయ్యాక తెర మీదున్నది నేను గట్టిగా చదవాలి, ఆవిడ తప్పులు పట్టాలి. నేను కూడబలుక్కుని చదివితే, “పాట పాడమంటే బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరతావేమే పిల్లా” అనేది. కానీ తను కట్టిన మాట నా నోటి నుంచి, ఆ అద్దం మీద నుంచి తిరిగి వినపడగానే ఆవిడ చెయ్యి మోకాలి మీద తాళం వేసేది. దాదాపు పాటలన్నీ ఎక్కాయి. కాగితం మీద మాత్రం ఒక్కటీ పడలేదు. ప్రింటరు అమలాపురంలో ఉంది కదా. ఫ్లాపీలో పెట్టి పంపించాం, పెళ్ళిళ్ళ పని తగ్గాక తీస్తానన్నారు తోడల్లుడుగారు. కంప్యూటర్లో భద్రంగా ఉంది కదా అని మేమూ తొందరపడలేదు. కాగితం మీద పెన్నుతో రాసి ఉంచుకుందామని మాలో ఒక్కరికీ తోచలేదు. కంప్యూటరంటే అప్పట్లో మాకు ఇనప్పెట్టెతో సమానం.

ఆ వేసవిలో ఆవిడ గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. మామిడిపళ్ళనుకున్నాం. కాకినాడ పెద్దాసుపత్రిలో చూపిస్తే, గొంతులో పుండు ఉందని, అది మంచిది కాదని, కోసి తీసెయ్యాలని అన్నారు. తీశాక మాట రాదు. తీయకపోతే మనిషే ఉండదు. తారీఖు ఇచ్చి, ఆలస్యం చేయొద్దని గట్టిగా చెప్పారు. తిరుగు బస్సులో ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, ఊపిరి కలిసిన గొంతుతో నాతో అంది.

“పుస్తకం నా చేతిలో పెట్టు. నువ్వు చదువు, నేను వింటాను. అప్పుడు ఎల్తాను కాకినాడ.”

“ముందు ఆపరేషనండీ అత్తా. పుస్తకం ఎక్కడికి పోద్ది?”

“తప్పుంటే ఎలా చెప్తానే? నోరు తీసేశాక ఏలితో చెప్తానా? నా పాటలో తప్పు మాటెట్టి సచ్చినోళ్ళని ఎక్కిరిస్తారా?”

ఎంత చెప్పినా అంతే. మా ఆయన కువైట్ నుంచి ఫోను చేసి ఏడ్చినా అంతే. సరే, పుస్తకం ఎంత పని, లాకు రాగానే ప్రింటు తీయిస్తే సరిపోతుందనుకున్నాను. ఆ వారం లాకు అమలాపురంలో ఉంది. తెచ్చుకోవడానికి వెళ్ళాను. తోడల్లుడుగారు ప్రెస్సు గుమ్మంలోనే ఎదురొచ్చారు. పొడుగ్గా, తెల్లగా, ఎప్పుడూ నవ్వుమొహంతో ఉండే మనిషి. ఆ రోజు నవ్వు లేదు.

“ఇవాళ కాదమ్మా. పెళ్ళిళ్ళు, మీదట పంచాయతీ ఎన్నికలు. రెండ్రోజులాగి రా.”

“పోనీ అత్తగారి పాటలు ప్రింటన్నా తీసివ్వండి బాబూ. ఆవిడ కాకినాడ ఎల్లాలండీ.”

“ఆయ్, తీస్తాను. తీసి నేనే పంపిస్తాను. ఎల్లిరా.”

పంపలేదు. మళ్ళీ వెళ్ళాను. ప్రెస్సు తలుపు ఓరగా వేసి ఉంది. ఆయన లేరన్నారు, లోపల ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది. ఖాళీ క్యారేజీతో పంటెక్కాను. పంటాయన ఆ రోజు ఏమీ అడగలేదు. ఇంటికి వెళితే అత్తగారు గడప మీద కూర్చుని నా చేతులవైపు చూసింది. నీళ్ళు తాగితే పొలమారుతోంది, అన్నం గంజిలా కలిపి పెడుతున్నాం. “రేపొస్తుందండీ” అన్నాను. ఆవిడ తల ఊపింది. పాడినప్పుడు మోకాలి మీద వేసే ఆ తాళం ఇప్పుడు ఊరికే వేస్తోంది, పాట లేకుండా. ఆసుపత్రిలో ఇచ్చిన తారీఖు దాటిపోయింది. నాకు ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు. ఆవిడ మొండితనం మీదా, తోడల్లుడుగారి మీదా, హైదరాబాదులో నేనెప్పుడూ చూడని ఆ కంపెనీ మీదా? ఒక సాయంత్రం పిన్నిగారు కలం, కాగితం పట్టుకుని ఇంటికి వచ్చారు, ఆవిడ పాడితే రాసుకుందామని. నాలుగు మాటలకే దగ్గు తెర వచ్చి, కొంగు ఎర్రబడింది. పిన్నిగారు కాగితం మడిచేశారు. నాకు గుర్తున్నవి చెప్పబోతే, నాకొచ్చినవన్నీ పల్లవులే.

మూడోసారి వెళ్ళి ఆయన ప్రెస్సు మెట్ల మీద కూర్చున్నాను. లోపలికి వెళ్ళలేదు, ఎవరినీ పిలవలేదు. క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చున్నానంతే. శుభలేఖల కోసం వచ్చినవాళ్ళు నన్ను దాటుకుని వెళ్ళి, కసురుకుంటూ తిరిగి వస్తున్నారు. అప్పుడు అర్థమైంది, ఎవరి పనీ జరగడం లేదు. ఎండ వాలాక తోడల్లుడుగారు వచ్చి నా పక్కనే మెట్టు మీద కూర్చున్నారు. చొక్కా జేబులోంచి లాకు తీసి నా చేతిలో పెట్టారు. ఒక అంచు నల్లగా మాడి ఉంది.

“కంప్యూటరు నడుస్తుండగా లాగేశానమ్మా. నీకియ్యాలనే, పంటు టైమైపోతుందని తొందరలో. అప్పట్నుంచి పలకట్లేదు.”

“ఆ రోజే చెప్పొచ్చు కదండీ.”

“మీ బాబాయిగారికి ఏ మొహం పెట్టుకుని చెప్పనమ్మా? సీసమంతా అమ్మేసి డబ్బు పెట్టేడు ఆయన.” కంపెనీకి ఫోను చేశారట. పాడైనది పంపమన్నారట, చూసి చెబుతారట, కొత్తది కావాలంటే మళ్ళీ మొత్తం ధర కట్టాలట. కొన్నది లాకు కాబట్టి, లాకు పోతే కొన్నదంతా పోయినట్టేనట. ఆయన మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి రోడ్డు వైపు చూస్తున్నారు. నేను తిట్టాలని దాచుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. మాడిన లాకును కూడా బియ్యంలోనే పెట్టి తెచ్చాను, ఎందుకో.

బాబాయిగారు ఆ లాకును అరచేతిలో పెట్టుకుని, మాడిన అంచును గోటితో గీకి చూశారు. మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా రాజమండ్రి బస్సెక్కారు. సాయంత్రం చొక్కా లోపల దాచుకుని ఫ్లాపీలు తెచ్చారు. దొంగ కాపీ. పెట్టేటప్పుడు ఆయన కుర్చీ వెనక్కి తిప్పుకుని గోడవైపు చూస్తూ కూర్చున్నారు. పిన్నిగారు పెట్టారు. లాకు అడగలేదు, తెలుగు తెరుచుకుంది. కానీ అది మా తెలుగు కాదు. ఆ కాపీ వేరే ఏడాదిదట, అక్షరాలు సర్దుకున్న తీరు వేరట. మా అత్తగారి పాట తెరిస్తే ఒత్తులన్నీ రాలిపోయాయి, ఒక అక్షరం ఉండాల్సిన చోట ఇంకొకటి వచ్చింది. ఎంత తిప్పినా అంతే. నేను ప్రాణం పెట్టి నేర్చుకున్న అక్షరాలే, ఒక్క మాట కూడబలుక్కోలేకపోయాను. “దేవుడే చూపించేడు నాకు” అన్నారు బాబాయిగారు గోడతో.

“దేవుడు చూపించడం కాదండీ, రాజమండ్రివాడు పాత సరుకంటగట్టేడు” అన్నారు పిన్నిగారు. అని ఏడ్చేశారు. ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే. కళ్ళు తుడుచుకుంటూ తల పైకెత్తారు, అటకవైపు చూసి అలాగే ఉండిపోయారు. “కర్రక్షరాలున్నాయి కదండీ” అన్నారు.

పాతసామాన్లవాడు కొన్నది సీసం. తూకానికి లోహమే కొంటాడు, కర్ర కొనడు. నాటకాల వాల్‌పోస్టర్లకి, ఎన్నికల పోస్టర్లకి వాడే కర్ర అక్షరాలు, ఒక్కోటి అరచెయ్యంత ఉండేవి, అటక మీద డబ్బాలో పడి ఉన్నాయి. దించి చూస్తే చెదలు తిన్నవి కొన్ని, విరిగినవి కొన్ని. ఒక్కో అక్షరానికి రెండో మూడో మిగిలాయి. పుస్తకం కాదు, ఒక్క పాటకి కూడా చాలవు. ఒక వరస పేర్చి, సిరా రోలరు తిప్పి, కాగితం పరిచి, గుడ్డ చుట్టిన చెక్కతో రుద్ది, ఆ అక్షరాలే విప్పి మళ్ళీ రెండో వరస పేర్చాలి. బాబాయిగారు లుంగీ ఎగ్గట్టి నేల మీద కూర్చున్నారు.

ఏ పాట కావాలో అడగడానికి నేను ఇంటికి పరిగెత్తాను. దింపు కార్మికుడి పాట అంటుందనుకున్నాను, అది ఆవిడకు గర్వం. ఆవిడ నా చెవి దగ్గరికి వచ్చి, ఎప్పుడూ ఏ కూడికలోనూ పాడని, కంప్యూటర్లోకి కూడా ఎక్కించని పాట చెప్పింది. మా ఆయన కంటే ముందు పుట్టి, నడక నేర్చే వయసులో పోయిన ఆడపిల్ల కోసం కట్టుకున్నదట. అలాంటి పిల్ల ఉందని నాకు తెలియదు, మా ఆయనకీ తెలియదు. నాలుగే వరసలు. చెప్పడానికి ఆవిడకు ఆ పూటంతా పట్టింది. నేను మనసులో మీటలు నొక్కుకుంటూ కంఠతా పట్టి, దారంతా అనుకుంటూ ప్రెస్సుకి వచ్చాను.

మర్నాడు పొద్దు వాలేసరికి కాగితం సిద్ధమైంది. దుప్పటంత కాగితం, దాని మీద పాలకొల్లు నాటకం పోస్టరంత అక్షరాలు. నేనూ పిన్నిగారూ చెరో కొసా పట్టుకుని, తడి సిరా అంటకుండా రాజోలు బజారులో నడిచాం. “ఏ పార్టీ అండీ?” అని అడిగారొకాయన. అత్తగారి ముందు గోడకు ఆనించి పట్టుకుని చదివాను. నాకు కూడబలుక్కునే పని పడలేదు, అంత పెద్ద అక్షరాలు.

*రేవులో దీపమా నిలిచి ఉండవే*
*ఆవలొడ్డుకు నేను చేరేదాక*
*పంటు కదిలెనని పరుగు తీయకే*
*నడిపేటి వాడెరుగు నా చిట్టి పేరు*

ఆవిడ మూడో వరస దగ్గర వేలు ఎత్తింది. తప్పేమో అనుకున్నాను. కాదు, “మళ్ళీ చదువు” అని సైగ. మళ్ళీ చదివాను. లేచి దగ్గరికి వెళ్ళి, అక్షరాల మీద వేలు పెట్టి తడిమింది. వేలికి సిరా అంటుకుంది. “ఇదేనా నా పిల్ల?” అంది, ఊపిరితో. ఆవిడ గొంతు నేను విన్నది దాదాపు అదే ఆఖరు. మర్నాడు కాకినాడ వెళ్ళాం. ఇన్నాళ్ళు ఎందుకు తాత్సారం చేశారని డాక్టరుగారు మా మీద కేకలేశారు. మేము తల వంచుకుని విన్నాం. లాకు సంగతి ఆయనకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి?

ఆవిడ తర్వాత కొన్ని వరికోతలు చూసింది, మాట లేకుండా. కూడికలకు వచ్చి మోకాలి మీద తాళం వేసేది. మేము తెలిసిన పాత పాటలేవో పాడేవాళ్ళం. బాబాయిగారు మళ్ళీ ఆ లాకు కొనలేకపోయారు. కొన్నాళ్ళకు ఆ కంపెనీ కూడా కొత్త రకం తెచ్చింది, అది పాత ఫైళ్ళను తీసుకోలేదు. లాకు లేని కాపీలు పెట్టుకున్న ప్రెస్సులే నాలుగు కాలాలపాటు నడిచాయి, కొన్నవాళ్ళు మూతపడ్డారు, చివరికి అమ్మినవాళ్ళూ మూతపడ్డారు. ఆ కంపెనీని నేను తిట్టలేను. తెలుగును ఆ పెట్టెలోకి ఎక్కించడానికి వాళ్ళెంత కష్టపడ్డారో, వాళ్ళూ తినాలి కదా. కానీ సీసం అక్షరం కొంటే అక్షరం మనదయ్యేది, అమ్ముకున్నా మనమే అమ్ముకునేవాళ్ళం. ఇది కొన్నాక కూడా వాళ్ళదే. ప్రెస్సు మూసేటప్పుడు పిన్నిగారు పాటల ఫైలును ఎవరిచేతో సీడీలోకి ఎక్కించి, నా చేతిలో పెట్టారు. “ఎప్పటికైనా తెరుచుకుంటుందమ్మా” అన్నారు.

మా అత్తగారు పోయినప్పుడు ఆవిడకు పాట కట్టేవాళ్ళు పేటలో ఎవరూ మిగల్లేదు. ఆ కాగితం తెచ్చి గోడకు అంటించి, అందరం ఆ నాలుగు వరసలే పాడాం. అది ఇప్పటికీ నా దగ్గరుంది, చాపలా చుట్టి. మొన్న మా మనవరాలు దాన్ని విప్పి, నేల మీద పరిచి, ఫోనులో ఆ పాటను ఇట్టే టైపు కొట్టేసింది. ఏ లాకూ అడగలేదు. మూడో వరస పక్కన ఆవిడ వేలి సిరా మచ్చ మాత్రం ఫోనులోకి రాలేదు. తర్వాత మళ్ళీ ఆ సీడీ తెరిచి, ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఆ డాలర్ల వైపు, టోపీల వైపు, తలకిందుల ప్రశ్నల వైపు చూశాం. ఒక్క పాట కూడా పోలేదు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పాత ఫాంటు ఎవరి అటక మీదైనా దొరక్కపోతుందా అని పిల్ల ఇంకా వెతుకుతోంది. నాకు చదవడం రావడానికి సగం జీవితం పట్టింది. మిగిలిన సగంలో కాలం ఆ అక్షరాలను, చదువుకున్న నా మనవరాలు కూడా చదవలేక వేలిముద్ర వేయవలసిన చోటికి తీసుకుపోయింది.